ఉపయెన్నికలను గూర్చి కొన్ని మాటలు

క్రిందటి యేడు మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి నాయకుడుగా ఎన్నుకొనబడిన బాలుడు, తండ్రిగారికి బదిలీ యైనందున, దసరా సెలవులకు ముందే మమ్ము విడిచి పోయెను. తరగతిలో నతడు కూర్చుండు చోటును ఖాళీ; విద్యార్థి సంఘములో ఆ తరగతి స్థానమును ఖాళీ. ఇప్పుడేమి చేయవలెనని మేము తరగతిలో నడుగగా మూడు విధములైన ప్రత్యుత్తరములు వచ్చినవి. మునుపటి యెన్నికలో రెండవవాడుగా నిలిచిన బాలుడు లేచి, "అతని తరువాత ఎక్కువ యోట్లు నాకే వచ్చినవి గనుక నన్నే నాయకునిగా చేయవలెను" అనెను. కిటికీ ప్రక్కను కూర్చుండు మఱియొకడు, "పరీక్షలు దగ్గఱకు వచ్చినవి. నాయకుడు లేకున్న నేమి?" అనెను. వెనుక వరుసలోని యొక బాలిక మాత్రము, "పోయినవానిని మేము ఎన్నుకొంటిమి. వచ్చువానినిగూడ మేమే యెన్నుకొందుము" అని చెప్పి కూర్చుండెను.

ఈ మూడు మాటలును పెద్దల పార్లమెంటులలో సైతము వినబడుచున్నవే. జర్మనీ దేశమున సభ్యుడు మరణించినను రాజీనామా చేసినను అతని పక్షమువారి జాబితాలో తరువాత నున్న పేరుగలవాడు వచ్చి కూర్చుండును, ప్రజల నడుగరు. ఫ్రాన్సు దేశమున సభ్యునితోడనే అతనికి బదులు కూర్చుండదగిన మఱియొకనిని గూడ ముందుగనే యెన్నుకొని యుంచుకొందురు. మన దేశమునందును, ఇంగ్లండునందును, ఆ బాలిక చెప్పిన పద్ధతియే యున్నది. ఖాళీ పడిన నియోజకవర్గమునకు మాత్రము మరల నెన్నిక జరుగును. దానినే యుపయెన్నిక యందురు. రెండవవానిని పిలిచి కూర్చుండబెట్టుట సులభమే గాని, అతనిని ఆ నియోజకవర్గము వలదన్నదను మాట మఱచిపోరాదు. పదివేలమంది యొకని కోరి, ఆఱువేలమంది మఱియొకని కోరినప్పుడు, మొదటివాడు మరణించినంత మాత్రమున పదివేలమంది కోరిక మరణించినదని యెట్లనగలము?

ఇంక రెండవ బాలుని మాట. "ఖాళీగా నున్న నేమి?" ఈ మాటను మన దేశమున ఎవ్వరును బాహాటముగా అనరు. అనకయే ఆచరించుట మాత్రము కలదు. మేమీ వ్యాసమును వ్రాయుటకు అదియే కారణము.

ముందుగా స్థానము ఖాళీయగు రీతి తెలిసికొందము. లోకసభ సభ్యుడు మరణించుట యొకటి. స్పీకరుగారికి తన చేతివ్రాతతో రాజీనామా నిచ్చుట యొకటి. అయితే 1974లో జరిగిన రాజ్యాంగ సవరణ ననుసరించి, ఆ రాజీనామా స్వేచ్ఛగా ఇచ్చినదే యని స్పీకరుగారికి నమ్మకము కలిగిన పిదపనే యది చెల్లును. సెలవు పొందకయే అఱువది దినములు సభకు రాని సభ్యుని స్థానమును ఖాళీయైనదిగా సభ ప్రకటింపవచ్చును. నేరము ఋజువై రెండేండ్లు గాని అంతకు మించి గాని శిక్ష పడినయెడల సభ్యత్వము పోవును. పక్షమును ఫిరాయించినవానికి 1985 నుండి అదే గతి. ఒకే మనుష్యుడు పార్లమెంటులోను రాష్ట్ర శాసనసభలోను సభ్యుడుగా నుండరాదు గనుక, ముఖ్యమంత్రియైన లోకసభ సభ్యుడు లోకసభను విడువవలెను.

ఇట్లు ఖాళీ పడినంతనే, 1951 నాటి ప్రజాప్రాతినిధ్య శాసనము 149వ సెక్షను ప్రకారము, ఎన్నికల సంఘమువారు ఆ నియోజకవర్గమును మఱియొకని నెన్నుకొనుమని కోరవలెను. ఎన్నికైనవాడు అయిదేండ్లుండడు, పోయినవానికి మిగిలియున్న కాలము మాత్రమే యుండును. చిత్రమేమనగా, ఎన్నడు కోరవలెనో ఆ శాసనములో చాలకాలము వఱకు చెప్పబడలేదు. నలువదియైదేండ్లు గడచిన పిమ్మట, 1996లో, 151ఏ అను సెక్షను చేర్చి, ఖాళీ పడిన దినము మొదలు ఆఱు నెలలలోపల ఉపయెన్నిక జరుపవలెనని నియమించిరి. దానికి రెండు మినహాయింపులు గలవు. ఆ సభ్యునికి మిగిలిన కాలము ఒక యేడాదికి తక్కువయైనచో జరుప నక్కఱలేదు. ఆ గడువులో జరుపుట కష్టమని ఎన్నికల సంఘమువారు కేంద్రప్రభుత్వముతో నాలోచించి ధ్రువపఱచినను జరుప నక్కఱలేదు. ఈ రెండు సందులను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు వీనితో పనియున్నది.

ఈ యాచారము మనకు ఇంగ్లండునుండి వచ్చినదే. అక్కడి వింత యొకటి చెప్పక పోజాలము. 1624లో కామన్సు సభవారు చేసిన తీర్మానము ననుసరించి సభ్యుడెవ్వడును రాజీనామా చేయుటకు వీలు లేదు. అయినను పోదలచినవాడు ఎట్లు పోవును? రాజుగారి క్రింద జీతపు టుద్యోగము పుచ్చుకొన్నవాడు సభలో నుండరాదను నియమము గలదు. కావున చిల్టర్ను హండ్రెడ్సు అను చోటికి కార్యనిర్వాహకుడను ఉద్యోగమును అతనికిత్తురు. అందు పని లేదు, జీతమును లేదు. ఆ పేరుగల యుద్యోగమును పొందిన నిమిషముననే సభ్యత్వము పోవును. 1751 నుండి నేటి వఱకు ఈ నాటకము నడచుచున్నది. 2023 జూనులో మాజీ ప్రధాని బోరిస్ జాన్సన్ సయితము ఇట్టి యుద్యోగమునే పుచ్చుకొని సభ విడిచెను. మన స్పీకరుగారికొక కాగితము వ్రాసి యిచ్చుట ఇంతకంటె ఎంత తిన్నని మార్గము!

అయితే ఆ దేశమువారి పాత నియమములలో మేము మెచ్చుకొనునది యొకటి యున్నది. 1926 వఱకు, సభ్యుడు మంత్రి పదవిని స్వీకరించినచో, పెక్కు పదవుల విషయమున, తన నియోజకవర్గమునకు పోయి మరల నెన్నిక కావలసి యుండెను. "మీరు నన్ను సభ్యునిగా పంపితిరి, నేను మంత్రినైతిని, మీకు సమ్మతమేనా?" అని యడుగుట యన్నమాట. 1908లో విన్స్టన్ చర్చిలు వాణిజ్యశాఖకు మంత్రియై, మాంచెస్టరు వాయవ్య నియోజకవర్గమున ఈ విధముగా ఉపయెన్నికకు నిలిచి ఓడిపోయెను. తరువాత డండీ పట్టణమునకు పోయి అచ్చట గెలిచి వచ్చెను. ఆ నియమము మంత్రులకు బాధగా నున్నదని తీసివైచిరి. బాధగా నుండుటయే దాని ప్రయోజనమని మా తలంపు. కాని పోయినదానికి వగచి లాభము లేదు.

ఉపయెన్నిక యనిన చిన్నది, ఒక్క స్థానము మాత్రమే మాఱునది, ప్రభుత్వము పడిపోదు, కావున దానివలన నేమి కలుగునని కొందఱు చులకన చేయుదురు. వారు 1963వ సంవత్సరమును తలచుకొనవలెను. చైనా యుద్ధము జరిగి ఆఱేడు నెలలైనది. ఆ వేసవిలో మూడు ఉపయెన్నికలలో ముగ్గురు ఘనులు కాంగ్రెసువారి నోడించి లోకసభకు వచ్చిరి. అమ్రోహానుండి ఆచార్య కృపలానీ, ఫరూఖాబాదునుండి రామమనోహర లోహియా, రాజకోటనుండి మీనూ మసానీ. అదే కాలమున జౌన్‌పూరులో నిలిచిన దీనదయాళ్ ఉపాధ్యాయ ఓడిపోయెను. ముగ్గురు వచ్చినంత మాత్రమున సంఖ్యలో నేమి మాఱును? ఏమియు మాఱలేదు. ఆ ఆగస్టులో కృపలానీగారు నెహ్రూ ప్రభుత్వముపై అవిశ్వాస తీర్మానమును ప్రతిపాదించిరి. లోకసభలో చర్చకు వచ్చిన మొట్టమొదటి అవిశ్వాస తీర్మానమదియే. అనుకూలముగా 62 ఓట్లు, ప్రతికూలముగా 347 ఓట్లు. తీర్మానము వీగిపోయెను. కాని ఆ చర్చలో లోహియాగారు లేచి, ఈ దేశమున కోట్లకొలది జనులు దినమునకు మూడణాలతో బ్రదుకుచున్నారని లెక్క చెప్పగా, ప్రభుత్వపక్షమువారు కాదు పదునైదణాలనిరి; మూడణాలా, పదునైదణాలా యను వాదము దేశమంతట మాఱుమ్రోగెను. పేదవాని దినవ్యయము పార్లమెంటులో లెక్కకు వచ్చినది ఒక యుపయెన్నికలో గెలిచినవాని నోట. ఫరూఖాబాదు స్థానమును 1967 వఱకు ఖాళీగా నుంచియున్నచో ఆ మాట అప్పుడు ఎవరు చెప్పియుందురు?

ఇంక మన తెలుగు సీమకు వత్తము. 1991 జూను 21వ తేదీన పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి యైనప్పుడు వారు పార్లమెంటులో నే సభయందును సభ్యులు కారు. ఆఱు నెలలలో సభ్యుడు కాని మంత్రికి పదవి నిలువదు. నంద్యాలనుండి ఆ సంవత్సరమే గెలిచిన గంగుల ప్రతాపరెడ్డిగారు రాజీనామా చేసి చోటిచ్చిరి. నవంబరులో ఉపయెన్నిక జరిగెను. తెలుగువాడు ప్రధాని యైనాడను గౌరవముచేత తెలుగుదేశము పక్షమువారు అభ్యర్థినే నిలుపలేదు. నరసింహారావుగారు 5 లక్షల 80 వేలకు పైగా ఆధిక్యముతో గెలిచిరి. తెలుగువారమైన మనమందఱము సంతోషించితిమి. సంతోషింపదగినదే.

అయినను ఉపాధ్యాయులమగుటచే లెక్క చూచుట మాకలవాటు. 1996లో నరసింహారావుగారు నంద్యాలనుండియు, ఒరిస్సాలోని బరంపురమునుండియు పోటీచేసి రెండుచోట్లను గెలిచి, బరంపురమును ఉంచుకొని నంద్యాలను విడిచిరి. నంద్యాలలో మరల ఉపయెన్నిక. భూమా నాగిరెడ్డిగారు గెలిచిరి. అనగా 1991, 1996 ఈ రెండు సంవత్సరములలోనే నంద్యాల యోటరు లోకసభకై నాలుగుమాఱులు వరుసలో నిలువవలసి వచ్చెను. ఒక్కమాఱైనను ఆ ఖాళీ యోటరు చేసినది కాదు. చావు వలన వచ్చిన ఖాళీ వేఱు, సౌకర్యము వలన వచ్చిన ఖాళీ వేఱు. మొదటిది విధి, రెండవది పెద్దల యేర్పాటు.

మూడవ విధము గూడ కలదు. అది ప్రజల తీర్పు గోరి చేసిన రాజీనామా. దీని రుచి చూచినవారు కరీంనగరమువారు. ప్రత్యేక తెలంగాణ రాష్ట్రము కొఱకై కె. చంద్రశేఖరరావుగారు 2006లో లోకసభ స్థానమునకు రాజీనామా చేసి, ఉపయెన్నికలో రెండు లక్షలకు మించిన ఆధిక్యముతో గెలిచిరి. ఆ ధైర్యముతో 2008లో మరల తానును, తన పక్షమునకు చెందిన మఱి ముగ్గురు లోకసభ సభ్యులును రాజీనామా చేసిరి. ఈ మాఱు కరీంనగరమున ఆధిక్యము పదునైదు వేలకు దిగెను. హనుమకొండ దక్కెను, వరంగల్లు, ఆదిలాబాదు పోయెను. నాలుగింట రెండు. కోరినవారికి ప్రజలు తమ తీర్పు నిచ్చిరి. ఒకమాఱు ఔననియు, ఒకమాఱు అంత గట్టిగా కాదనియు. ఇట్టి ఉపయెన్నికను మేము నిందింపము. రాజీనామా యిచ్చినవాడు తన స్థానమును పందెమొడ్డినాడు, ఓడిపోవుటకును సిద్ధపడినాడు. దోషమెచ్చట ననగా, రాజీనామా జరిగి, ఉపయెన్నిక జరుగనిచోట.

ఆ దోషము మాకు స్వానుభవము. మా పాఠశాల యున్నది తిరుపతి లోకసభ నియోజకవర్గమున. ఏడు శాసనసభ నియోజకవర్గములు కలిసిన ఈ సీమలో పదునాఱు లక్షలకు పైబడి యోటర్లు గలరు. 2018 ఏప్రిల్ 6వ తేదీన, ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేక హోదా నీయలేదని, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పక్షమునకు చెందిన అయిదుగురు లోకసభ సభ్యులు రాజీనామా లిచ్చిరి. తిరుపతి, నెల్లూరు, ఒంగోలు, కడప, రాజంపేట, ఈ అయిదును వారి స్థానములు. రాజీనామాలు వెంటనే అంగీకరింపబడలేదు. స్పీకరుగారు సభ్యులతో మాటాడి, విచారించి, జూను నెలలో అంగీకరించిరి. స్థానములు జూను 20వ తేదీనుండి ఖాళీయైనట్లు లెక్క. ఆ లోకసభకు గడువు 2019 జూను 3వ తేదీ. అనగా ఏడాదికి పదునేడు దినములు తక్కువ. ఇంక ఉపయెన్నిక జరుప నక్కఱలేదని ఎన్నికల సంఘమువారు ఆ అక్టోబరులో ప్రకటించిరి. అదే సమయమున, మే నెలలో ఖాళీయైన కర్ణాటకములోని బళ్ళారి, శివమొగ్గ, మండ్య స్థానములకు మాత్రము ఏడాదికి పైగా మిగిలియున్నదని నవంబరు 3వ తేదీన ఉపయెన్నికలు జరిపిరి. బళ్ళారివారికి సభ్యుడు వచ్చెను, మాకు రాలేదు.

శాసనము ప్రకారము ఎన్నికల సంఘమువారిని తప్పు పట్టుటకు వీలులేదు. ఉన్న గీతను బట్టి వారు కొలిచిరి. మా ప్రశ్న గీతను గూర్చినది. ఏప్రిల్ 6వ తేదీననే రాజీనామాలు చెల్లియున్నచో ఏడాదికి మించి రెండు నెలల కాలముండెడిది. ఉపయెన్నిక తప్పనిసరి యయ్యెడిది. కావున అయిదు నియోజకవర్గముల యోటర్లకు సభ్యుడుండుటయు లేకుండుటయు, స్పీకరుగారి బల్లమీద కాగితము ఎన్నిదినములున్నదను దానిని బట్టి తేలెను. రాజీనామా స్వేచ్ఛగా ఇచ్చినదా యని విచారించుట మంచిదే. బలవంతపు రాజీనామాలు జరుగుట చూచియే 1974లో ఆ నియమమును పెట్టిరి. కాని విచారణకు గడువు పెట్టలేదు. మా సభ్యునకు హక్కు కలదు, స్పీకరుగారికి హక్కు కలదు. ఓటరు హక్కును గూర్చి మాత్రము ఎవ్వరును అడుగలేదు. రాజీనామా లిచ్చిన పెద్దలు సయితము ఈ దినముల లెక్క తెలియనివారు కారు.

అట్లు మేము పదునొకండు నెలలు లోకసభలో నోరులేనివారమైతిమి. 2019 మే నెలలో బల్లి దుర్గాప్రసాదరావుగారు గెలిచి మా సభ్యులైరి. 2020 సెప్టెంబరు 16వ తేదీన కోవిడు సోకియున్న కాలమున వారు కాలధర్మము నొందిరి. మరల స్థానము ఖాళీ. ఈ మాఱు వ్యాధి కాలము గనుక ఆఱు నెలలు గడచి మఱియొక నెల యైన పిమ్మట, 2021 ఏప్రిల్ 17వ తేదీన పోలింగు జరిగెను. మే 2వ తేదీన లెక్కింపు. డాక్టరు గురుమూర్తిగారు 2 లక్షల 70 వేలకు పైగా ఆధిక్యముతో గెలిచిరి. మూడేండ్లలోపల రెండుమాఱులుగా, మొత్తము పదునెనిమిది నెలలకు మించి, మా నియోజకవర్గమునకు లోకసభలో మనిషి లేడు.

ఆ ఏప్రిల్‌లో మాకును పోలింగు కేంద్రపు అధ్యక్షాధికారిగా పని పడినది. ముందటి దినమున ఓటింగు యంత్రములను, ఉష్ణమాపకమును, చేతులకు రాచుకొను మందు సీసాలను బస్సులో వేసికొని యొక పల్లె బడికి చేరితిమి. బడి ప్రక్క గుడిసెలోని వృద్ధురాలు మేము బెంచీలు సర్దుచుండగా చూచి, "ఏమయ్యవారూ, మొన్న మొన్ననే గదా ఓటేసినాము. మళ్లీ దేనికి?" అని యడిగెను. "ఢిల్లీకి పోయిన మన సభ్యుడు పోయినాడమ్మా, సెప్టెంబరులో" అంటిమి. "అయ్యో పాపం" అని కొంతసేపూరకుండి, "అయితే ఇన్నాళ్లూ అక్కడ మన తరఫున ఎవరున్నట్టు?" అనెను. మేము ఉత్తరము చెప్పక త్రాళ్లు కట్టు పనిలో పడితిమి. మఱునాడు ఆమె ముక్కునకు చీరచెంగు కప్పుకొని అందఱికంటె ముందు వచ్చి ఓటు వేసి పోయెను. అందఱును అట్లు రాలేదు. 2019లో నూటికి ఇంచుమించు ఎనుబదిమంది యోటు వేసిన నియోజకవర్గమున ఈ మాఱు అఱువదినలుగురు మాత్రమే వేసిరి.

సభ్యుడు లేనిచో నష్టమేమని యడుగువారికి ఒకటి రెండు సంగతులు చెప్పుదుము. ప్రశ్నోత్తర సమయమున మా రైలుమార్గమును గూర్చియో, పులికాటు చెఱువు జాలరులను గూర్చియో మంత్రినడుగువాడుండడు. సభ్యుడు తన నియోజకవర్గమున ఏటా 5 కోట్ల రూపాయల పనులను సూచించు పథకము గలదు. బడికి గదియో, ఊరికి నీటితొట్టియో అందులో వచ్చును. ఖాళీ స్థానము అట్టి సూచన చేయజాలదు. శాసనముపై ఓట్లు లెక్కించునప్పుడు మా పదునాఱు లక్షలమందికి లెక్కయే లేదు. పన్ను మాత్రము యథాప్రకారము చెల్లింపవలెను.

రెండవ మినహాయింపును గూర్చియు ఒకమాట. కష్టకాలము నిజముగా నుండవచ్చును. కాశ్మీరములో అనంతనాగు స్థానము 2016లో ఖాళీ పడి, 2017లో ఉపయెన్నిక నిశ్చయించి, శ్రీనగరపు ఉపయెన్నికలో రక్తపాతము జరిగి నూటికి ఏడుగురు మాత్రమే యోటు వేయుట చూచి, అనంతనాగు ఎన్నికను మానివేసిరి. అది 2019 వఱకు ఖాళీగనే యుండెను. అట్టిచోట మినహాయింపు వలదని మేమనము. కాని పూనా నగరమునకేమి కష్టము? అచ్చటి సభ్యుడు గిరీశ్ బాపట్‌గారు 2023 మార్చి 29వ తేదీన మరణించిరి. ఆ సభకు 2024 జూను వఱకు గడువున్నది, ఏడాదికి మించినదే. రానున్న సాధారణ ఎన్నికల పనిలో నున్నామని ఎన్నికల సంఘమువారు ఉపయెన్నికను జరుపలేదు. నగరవాసి యొకరు బొంబాయి హైకోర్టున కెక్కగా, ఆ డిసెంబరులో న్యాయమూర్తులు వెంటనే జరుపుమని యాజ్ఞాపించిరి. జనవరిలో సుప్రీముకోర్టు ఆ యాజ్ఞను నిలిపివేసెను. పూనావారు ఏడాదికి మించి సభ్యుడు లేకయే సాధారణ ఎన్నికలకు చేరిరి. ఎన్నికల పనిలో నున్నాము గనుక ఎన్నిక జరుపలేమనుట, పాఠము చెప్పుటలో తీఱిక లేక పాఠశాల మూసితిమనుటవలె నున్నది.

ఇంక రెండు స్థానములలో పోటీ సంగతి. 1996కు ముందు ఎన్ని చోట్లనైనను నిలువవచ్చును. 1985లో ఎన్.టి. రామారావుగారు శాసనసభకు గుడివాడ, హిందూపురము, నల్లగొండ మూడింటను నిలిచి, మూడింటను గెలిచి, హిందూపురము నుంచుకొనిరి. 1996లో రెండింటికి మించరాదని శాసనము చేసిరి. 2014లో నరేంద్ర మోదీగారు వారణాసి నుంచుకొని వడోదరను విడిచిరి. 2024లో రాహుల్ గాంధీగారు రాయబరేలీ నుంచుకొని వయనాడును విడిచిరి. పక్షమేదైనను పద్ధతి యొక్కటియే. ఎన్నికల సంఘమువారు 2004లో దీనిని మాన్పింపుడని, లేదా విడిచినవానిచేత ఉపయెన్నిక వ్యయమునకై లోకసభ స్థానమునకు 10 లక్షలు కట్టింపుడని సూచించిరి. లా కమిషనువారు 2015లో ఒక్కనికి ఒక్క స్థానమే యుండవలెననిరి. 2023లో ఈ విషయము సుప్రీముకోర్టునకు పోగా, అది పార్లమెంటు నిర్ణయింపవలసినదని వారు త్రోసివైచిరి. పార్లమెంటువారు ఇంతవఱకు నిర్ణయింపలేదు. రెండు చోట్ల నిలుచుటకు లాభము పొందువారే నిర్ణయింపవలసినవారు గూడ నగుటచే, మాకు ఆశ్చర్యము లేదు.

పెద్ద నాయకుడు ఒకచోట ఓడిపోయిన దేశమునకు నష్టము గదా, రెండవ స్థానము అందుకొఱకే యని కొందఱు వాదింతురు. చర్చిలు ఓడిపోయి డండీకి పోలేదా? దేశము మునిగినదా? నిజముగా దేశమునకు కావలసినవాడు మఱియొక చోట, మఱియొక దినమున, ప్రజలచే పిలువబడును. విద్యార్థి రెండు పాఠశాలల హాజరుపట్టీలలో పేరు వ్రాయించుకొని, మంచిదానిని చూచి చేరుదునన్నచో మేమొప్పుకొందుమా?

మేము శాసనకర్తలము కాము. అయినను పోలింగు పెట్టెలు మోసిన భుజములకు కొంత చెప్పు హక్కు కలదని తలంచి చెప్పుచున్నాము. రాజీనామాను స్పీకరుగారు ముప్పది దినములలో తేల్చవలెను. తేల్చనిచో ఇచ్చిన దినము నుండియే ఖాళీయని లెక్కింపవలెను. ఏడాది యను గీతను ఆఱు నెలలకు దింపవలెను. ఆఱు నెలల సభ్యుడు స్వల్పకాలపువాడే యైనను, పరీక్షకు ముందు ఆఱు నెలలు గురువు లేని తరగతి యేమగునో మేమెఱుగుదుము. కష్టమను కారణముచే ఎన్నిక నాపినయెడల ఆ కారణమును వివరముగా ప్రకటించి తీరవలెను. ఒక్కనికి ఒక్క స్థానము. వ్యయము పెరుగునని యెవరైన నన్నచో, ఎనిమిది వందల రోజుల సభ్యునికి ఎన్నిక యవసరమని యొప్పుకొనినవారు మూడువందల రోజుల సభ్యునికి వలదనుట ఏ లెక్కయో చూపవలెను.

మా తొమ్మిదవ తరగతి సంగతి చెప్పక ముగింపరాదు. ఆ బాలిక చెప్పినట్లే సుద్దముక్కల పెట్టెకు కన్నము పొడిచి, కాగితపు ముక్కలతో ఉపయెన్నిక జరిపితిమి. రెండవవాడుగా నిలిచిన బాలుడే నిలిచి, మూడోట్ల ఆధిక్యముతో గెలిచెను. ఇప్పుడతడు నాకోట్లు వచ్చినవని చెప్పుటకు వెనుదీయడు. ఈ యేడు విద్యార్థి సంఘపు నియమావళిలో, ఖాళీ పడిన పది దినములలో ఎన్నిక జరుపవలెనని వ్రాసికొంటిమి. ఫిబ్రవరి తరువాత పడిన ఖాళీని నింపవలెనా వలదా యను దానిపై మాత్రము బాలురకును బాలికలకును వాదము జరుగుచునే యున్నది. వచ్చు సోమవారము మధ్యాహ్నము దానిపై ఓటు పెట్టెదము.